స్టూలు మీద గిన్నె

ఆ ఉదయం లెక్కల టీచరమ్మ గారి వంటగదిలో హాజరైనవారిని, ప్రవేశించిన క్రమంలోనే పేర్కొంటున్నాను. మొదట, అప్పటికే గుమ్మానికి అడ్డంగా పడుకొని ఉన్న ఆవిడ పెంపుడు కుక్క దొర. దానిని దాటుకొని ఇన్‌స్పెక్టరమ్మ. ఆమె వెనుక, చేతులకు బేడీలతో, మా వీధి కుక్కలను రెండు పూటలా తిప్పి తెచ్చే తాళ్ళాయన. ఒకేసారి అయిదారు తాళ్ళు చేతికి చుట్టుకొని నడుస్తాడు కనుక ఆ పేరు. అతని వెనుక టీచరమ్మ గారి తమ్ముడు. చిట్టచివర నేను.

పోలీసు శాఖలో సూపరింటెండెంటుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నన్ను అక్కడికి ఎవరూ పిలవలేదు. పిలవని చోటికి వెళ్ళడం నా స్వభావం కాదు. అయితే టీచరమ్మ గారు శుక్రవారం నుండి కనబడడం లేదు. ఆవిడను తాళ్ళాయన హత్య చేశాడని కేసు కట్టారు. ఆ మధ్యాహ్నమే అతనిని మెజిస్ట్రేటు ఎదుట నిలబెట్టబోతున్నారు. ఒకసారి జైలు గుమ్మం దాటితే, జామీను నిలిచే మనిషి లేని అతని వంటివాడు మళ్ళీ ఎప్పుడు బయటికి వస్తాడో చెప్పడం నా అనుభవానికి కూడా సాధ్యం కాదు.

"మీరెందుకొచ్చారు సార్?" ఇన్‌స్పెక్టరమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"తాళ్ళాయన మా కుక్కను కూడా తిప్పుతాడు."

"ఓహో. రేపట్నించి ఎవరు తిప్పుతారోనని దిగులా?"

ఆమె ఒకప్పుడు నా వద్ద శిక్షణ పొందిన అధికారి. అప్పుడూ ముఖం మీదే మాట్లాడేది. ఇప్పుడు ఆ ధోరణికి హోదా తోడైంది.

"కేసు వివరాలు తెలుసుకోవచ్చునా?" అన్నాను.

"దాచడానికేముంది?" ఆమె గట్టు మీది చెక్కను చూపించింది. మాంసం కొట్టే మొద్దు కత్తి, దాని పక్కనే మధ్యలో గుంట పడిన చెక్క. "ఆ గీతల్లో నెత్తురు. సింకు గొట్టంలో నెత్తురు. వీడి చొక్కా మీద నెత్తురు. ఆవిడ ఫోను దిండు కింద ఉంది, ఇంటి తాళం వీడి జేబులో ఉంది. గురువారం సాయంత్రం వీడు ఈ కత్తి కడుగుతుంటే పక్కింటావిడ కిటికీలోంచి చూసింది. ఇంకేం కావాలి?"

"ఆవిడ కుక్కకు పచ్చిమాంసమే పెట్టేవారు. ఆ రక్తం మాంసానిదై ఉండవచ్చును గదా?"

"అదే అంటారనుకున్నా." ఆమె ముఖంలో విజయం కనిపించింది. కుర్చీలో నిటారుగా నిలబెట్టి ఉన్న డాగ్ ఫుడ్ బస్తాను వేలితో తట్టింది. "చూడండి. ఈ కుక్క తింటున్నది ఇదీ. గిన్నెలోనూ ఇవే గింజలు. ఫ్రిజ్‌లో మాంసం తునక లేదు. కుక్క ప్యాకెట్ తిండి తింటుంటే, మాంసం కొట్టింది ఎవరికోసం సార్? ఆవిడ తినరు. వీడు ఆవిడ వంటింట్లో వండుకోడు."

ప్రశ్న సరైనది. సరైన ప్రశ్న ఎవరు వేసినా తల ఊపడం నా అలవాటు. ఊపాను.

"ల్యాబు రిపోర్టు?"

"వస్తుంది, వారం పట్టినా. అందాకా వీణ్ణి ఇంటికి పంపి కుక్కల్ని తిప్పుకోమనమంటారా?"

ఇంతలో తమ్ముడు అందుకున్నాడు. "ఆ బస్తా మా అక్క తెచ్చింది కాదు సార్. ప్యాకెట్ తిండంటే ఆవిడకి ఒళ్ళు మంట. పోయినేడు మా ఆవిడ ముచ్చటపడి ఒకటి తెస్తే గేటు బయటే పెట్టించింది. 'కుక్కకు నేను పెట్టుకుంటాను గానీ, అది మీ ఇంట్లో మీరు తినండి' అంది. అప్పట్నించి మా ఆవిడ ఈ గుమ్మం తొక్కలేదు."

"అక్కగారి చేతి మాంసమే కావాలా ఈ దొరకు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"వేరే మనిషి చెయ్యి పడనిచ్చేదా? ఏ ముక్కలో ఎంత ఎముక ఉండాలో, కాలేయం ఎంత వెయ్యాలో అన్నీ ఆవిడ లెక్కలే. మాకు చెప్పిన లెక్కలకన్నా శ్రద్ధగా చేసేది."

నేను తాళ్ళాయన వైపు తిరిగాను. రాత్రంతా స్టేషన్లో గడిపిన మనిషి. దొర లేచి వచ్చి అతని బేడీలు వాసన చూసింది. అతను వంగి దాని చెవి నిమరబోయి, రెండో చెయ్యి కూడా వెంట రావడంతో ఆగిపోయాడు.

"ఆవిడను చివరిసారిగా ఎప్పుడు చూశావు?"

"శుక్రవారం పొద్దున్నండి. తాళం చేతిలో పెట్టి, ఊరెళ్తున్నా, దొరకి గిన్నెలో ఈ గింజలు పొయ్యి, నీళ్ళు మార్చు అన్నారు."

"ఏ ఊరని అడగలేదా?"

"అడిగానండి. ప్రశ్నలు నేనడగాలి, జవాబులు నువ్వు చెప్పాలి, అది మారదు అన్నారు."

తమ్ముడు తల దించుకున్నాడు. ఆ మాట అక్కగారిదేనని అతనికి తెలిసినట్లుంది.

"చొక్కా మీద రక్తం ఏమిటి?"

"ముందురోజుదండి. ఆఖరి ముక్క ఉంది, నువ్వు కొట్టిపెట్టు అన్నారు. కొట్టి, కత్తి కడిగి పెట్టాను."

"ఎవరి చెయ్యీ పడనివ్వని మనిషి నిన్నెందుకు అడిగింది?"

"ఏమోనండి. గోడకి చేరబడి నిలబడ్డారు. కొట్టు కొట్టు అంటున్నారు, నావైపు చూడట్లేదు."

ఇన్‌స్పెక్టరమ్మ చిన్నగా చప్పట్లు కొట్టింది. "కథ బాగా కుట్టాడు కదా సార్? గురువారం మాంసం, శుక్రవారం ప్యాకెట్. కుక్క పుట్టినప్పట్నించీ ఉన్న పట్టుదల ఒక్క రాత్రిలో ఎగిరిపోయిందట. నమ్మమంటారా?"

"ఒక్క రాత్రిలో అంటే నేనూ నమ్మను," అన్నాను. "దయచేసి ఒకసారి పెరట్లోకి రండి."

"పెరడంతా వెతికించాం. ఎక్కడా తవ్విన గుర్తు లేదు."

"తవ్వితే కనబడేది కాదు. పైనే ఉంది, ఈ గుమ్మంలోంచే కనబడుతోంది."

పెరడు ఇరుకైనది. మూడు వైపులా ఎత్తయిన గోడ. ఒక మొక్క లేదు, ఒక కుర్చీ లేదు. బట్టలారేసే తీగ మీద ఒంటరి తువ్వాలు బిర్రుగా ఎండిపోయి ఉంది. గోడ వెంబడి, వంటింటి గుమ్మం దగ్గర మొదలై చివరి మూల దాకా, దొర అశుద్ధం వరుసగా పడి ఉంది. పాఠకులు క్షమించాలి. సాక్ష్యం విలువ దాని వాసనను బట్టి ఉండదు.

నేను చేతికర్ర కొనతో మొదటిదానిని తాకాను. సుద్దముక్కలా పొడి అయిపోయింది.

"సార్," ఇన్‌స్పెక్టరమ్మ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. "మీకు పెన్షన్ సరిగ్గా వస్తోందా?"

"వస్తోంది. దీని రంగు చెప్పండి."

"తెలుపు."

"ఎముకతో సహా పచ్చిమాంసం తినే కుక్క విసర్జన ఎండితే ఇలాగే తెల్లబడుతుంది. శుభ్రత గల కుక్క నిన్న కూర్చున్న చోట ఇవాళ కూర్చోదు. ఒక్కొక్క అడుగే ముందుకు జరుగుతుంది. అంటే గుమ్మం దగ్గరివి పాతవి, మూలన ఉన్నవి కొత్తవి. నడవండి."

ఆమె నడిచింది. అయిష్టంగా నడిచినా, చూపు మాత్రం అధికారి చూపే. తెలుపు, తరువాత తెలుపులో గోధుమరంగు చారలు, తరువాత సగం సగం, ఆపైన గోధుమరంగే ఎక్కువై, చివరి మూలకు వచ్చేసరికి తెలుపు పూర్తిగా మాయమైంది. పరిమాణమూ పెద్దదైంది.

ఆమె రుమాలు దించింది. "కలిపి పెట్టారు."

"కలిపే పెట్టారు. తిండి ఒక్కసారిగా మారిస్తే కుక్క కడుపు చెడుతుంది. ఇక్కడ పలచగా పడినది ఒక్కటి లేదు. ఎవరో మాంసం కొంచెం తగ్గిస్తూ, గింజలు కొంచెం పెంచుతూ, కొన్ని వారాలు ఓపిక పట్టి మార్చుకొచ్చారు. కనుక బస్తా వచ్చాక కూడా ఆ వంటింట్లో మాంసం కొడుతూనే ఉన్నారు. మీరు చూసిన రక్తం దానిది."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"నాకు కుక్క ఉంది."

"వంట కూడా మీరేనా?"

ఈ ప్రశ్నకు సమాధానం గుమ్మంలోంచి తాళ్ళాయన ఇచ్చాడు. "అయ్యగారే ఉడికిస్తారండి. చల్లారాక ఒక్కో ముక్కా వేళ్ళతో నొక్కి, ఎముక లేకుండా ఏరి, ఊదీ ఊదీ మరీ పెడతారు."

"నిన్నెవరు అడిగారు?" అన్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఇద్దరి కోసం. ఆ ఇద్దరిలో రెండవది మాట్లాడని ప్రాణి అన్న సంగతి ఈ దర్యాప్తుకు అవసరమైన అంశం కాదు.

ఆమె వెంటనే తేరుకుంది. "సరే. కలిపి పెట్టారు. ఎవరు పెట్టారు? రోజుకు రెండుసార్లు వచ్చేది వీడే. ముందే పథకం వేసుకొని అలవాటు చేశాడు."

"హత్య చేయబోయేవాడు కుక్క జీర్ణశక్తి గురించి వారాల తరబడి ఆలోచిస్తాడా?"

"వీడికి కుక్కలంటే ప్రాణం కదా సార్. మనుషులంటే కాకపోవచ్చు."

పదునైన మాట. నా సర్వీసులో చాలామంది అధికారులకు తట్టని మాట. నేను తమ్ముడిని పిలిచాను.

"మీ అక్కగారు పెరడు ఇలా ఉంచుకొనేవారా?"

"అదే అనుకుంటున్నాను సార్. పొద్దున్న లేవగానే ఎత్తిపారేసి, నీళ్ళు కొట్టి, తర్వాతే కాఫీ తాగేది. ఒక్క రోజు తప్పేది కాదు."

"తాళ్ళాయనా, నీకు చెప్పలేదా ఎత్తమని?"

"నన్ను పెరట్లోకి రానివ్వరండి. వీధి గుమ్మంలోనే దొరని అప్పగించడం, తీసుకోవడం. గురువారమే మొదటిసారి వంటింట్లోకి రమ్మన్నారు."

నేను ఇన్‌స్పెక్టరమ్మతో తిరిగి వంటగదిలోకి నడిచాను. ఉదయం నుండి మేమందరం చూస్తూ ఉన్నదానిని చూపించాను. దొర గిన్నె నేల మీద లేదు, స్టూలు మీద ఉంది. దొర పొడుగుకాళ్ళ కుక్క కనుక అందుకొని తింటోంది. కానీ నేల మీద, ఏళ్ళ తరబడి గిన్నె ఉన్న చోట, గచ్చు గుండ్రంగా పాలిపోయి ఉంది. బస్తా నేల మీద లేదు, కుర్చీలో ఉంది. గట్టు కింది అరలు తెరిచాను, ఖాళీ. అందులో ఉండవలసిన పళ్ళేలూ గిన్నెలూ గట్టు మీద ఒకదానిని ఒకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. చీపురుకు పొడుగాటి కర్ర తాడుతో బిగించి ఉంది.

"ఈ ఇంట్లో అవసరమైన ప్రతి వస్తువూ నడుము ఎత్తుకు ఎక్కింది," అన్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు వైపు చూసింది. పెరటి వైపు చూసింది. నోరు తెరిచి, చాలా నెమ్మదిగా, తనకు తాను చెప్పుకుంటున్నట్లు అంది. "ఆవిడ వంగలేకపోయింది."

"కొన్ని వారాలుగా."

"కత్తి ఎత్తి కొట్టలేక వీణ్ణి పిలిచింది. గోడకి చేరబడింది నొప్పితో."

"తాను లేనప్పుడు తన లెక్కలతో మాంసం పెట్టేవారు ఎవరూ లేరు గనుక, ఎవరైనా పోయగలిగే తిండికి కుక్కను అలవాటు చేసింది. ఎంత ఒళ్ళు మంటగా ఉన్నా. ఆసుపత్రులలో విచారించారా?"

"యాక్సిడెంట్ కేసులు, పేరు తెలియనివాళ్ళు, మార్చురీ, అన్నీ చూశాం."

"తమ కాళ్ళతో నడిచి వెళ్ళి, తమ పేరు తాము చెప్పి చేరినవారిని?"

ఆమె ఫోను తీసింది. ఓటమికి విచారించడం కోసం ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. దీనిని ఆమె గుణంగానే పరిగణిస్తున్నాను.

తమ్ముడు గడపకు అడ్డంగా నిలబడిపోయాడు. "నాకు చెప్పకుండానా? వారం వారం ఫోన్ చేస్తాను సార్ నేను!"

"ఏమని అడుగుతారు?"

"బాగున్నావా అని."

"ఆవిడ?"

"బాగున్నానంటుంది. దొర ఎలా ఉందంటాను. బాగుందంటుంది. అంతే." ఎవరూ అడగకపోయినా మళ్ళీ అన్నాడు. "అంతే సార్. ఇంకేం మాట్లాడుకోం."

ఇన్‌స్పెక్టరమ్మ ఒక చోటు నుండి మరొక చోటికి ఫోను చేస్తూ గదిలో తిరిగింది. ఒక దగ్గర ఆగిపోయింది. పేరు మరొకసారి చెప్పించుకొంది. ఫోను దించి, జేబులోంచి తాళం తీసి, తాళ్ళాయన చేతుల బేడీలు తానే విప్పింది.

"ఉన్నారు సార్. బతికే ఉన్నారు. శుక్రవారమే చేరారట."

తాళ్ళాయన అక్కడే కూలబడి దొర మెడ చుట్టూ చేతులు వేశాడు. తమ్ముడు కళ్ళు తుడుచుకొని, "పదండి, పదండి" అంటున్నాడు. కానీ ఇన్‌స్పెక్టరమ్మ ముఖం తేలికపడలేదు.

"ఎవరైనా మనిషిని వెంటనే రమ్మంటున్నారు. శుక్రవారం చెయ్యాల్సిన ఆపరేషన్ ఇవాళ్టికీ చెయ్యలేదట. కడుపులో గడ్డ మెలిపడిందట. గంటల్లో చెయ్యకపోతే ప్రాణానికే ప్రమాదమంటున్నారు."

ఆసుపత్రి నడవాలో మమ్మల్ని ఆపిన నర్సు కోపంగా ఉంది. "ఇన్నాళ్ళకు తీరిందా మీకు? ఎవరూ లేరని రాసుకొచ్చిందావిడ. ఆవిడ సంతకం ఒక్కటీ చాలదు, బాధ్యత తీసుకునే మనిషి ఇంకొకరు ఉండాలని రూలు. అది చెబితే, రేపు వస్తారు, ఎల్లుండి వస్తారు అని వాయిదా వేయిస్తూ కూర్చుంది. ఇందులో సంతకం పెట్టండి, లోపలికి తీసుకెళ్తాం."

టీచరమ్మ గారు చక్రాల మంచం మీద ఉన్నారు. మనిషి సగమైనారు. తమ్ముడిని చూడగానే ఆవిడ ముఖంలో కనిపించినది సంతోషం కాదు, భయం.

"వాడికివ్వకండి ఆ కాగితం," అన్నారు.

కానీ నర్సు అప్పటికే ఇచ్చింది. తమ్ముడు దానిని తీసుకొన్నాడు. కలం కూడా తీసుకొన్నాడు. కాగితం గోడకు ఆనించి, కలం ఆనించి, అలాగే నిలబడ్డాడు. చెయ్యి కదలలేదు. చెమట మాత్రం మణికట్టు దాకా కారింది.

"అమ్మకి నేనే పెట్టాను సంతకం," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "ఇలాగే గోడకి ఆనించి పెట్టాను. అమ్మ బయటికి రాలేదు. నా చెయ్యి మంచిది కాదక్కా. ఈ చేత్తో వద్దు."

"అందుకే చెప్పలేదురా నీకు. ఫోను కూడా ఇంట్లోనే వదిలి వచ్చాను," టీచరమ్మ గారు కళ్ళు మూసుకొన్నారు. "చెబితే నిన్నే పెట్టమంటారు. నువ్వు పెట్టలేవు. పెడితే ఆ తర్వాత బతకలేవు. ఇంకెవర్ని అడగను? వీధిలో అందరూ నమస్కారం పెడతారు. సంతకం పెట్టమని అడిగేంత చనువు ఎవరితో ఉంది నాకు?"

ఆవిడ మా వీధిలో, మా ఇంటికి ఎదురుగా, చాలా కాలంగా ఉంటున్నారు. ప్రతి ఉదయమూ నేను నమస్కారం పెడుతూనే ఉన్నాను.

నేను తమ్ముడి చేతిలోంచి కాగితం అందుకొని, కళ్ళజోడు సవరించుకొని, మొదటి నుండి చదవనారంభించాను. 'రోగితో బంధుత్వం' అని ఒక గడి ఉంది. బంధుత్వం లేనివారు దానిని పూర్తి చేయవచ్చునా, అలా చేసిన సంతకం చెల్లుతుందా అని నర్సును ప్రశ్నించాను. ఆమె సమాధానం వెతుక్కుంటూ ఉండగా మంచం మీద నుండి ఒక మూలుగు వినవచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ నా చేతిలోని కాగితాన్ని లాక్కుంది. "కలం ఇవ్వండి సార్."

"బంధుత్వం అన్న చోట ఏమి రాస్తారు? తప్పుడు వాంగ్మూలం అవుతుంది. మీ ఉద్యోగానికి..."

"కలం."

ఇచ్చాను. ఆమె తన పేరు, హోదా, స్టేషను పేరు స్పష్టంగా రాసింది. బంధుత్వం అన్న గడిలో 'ఈమె బాధ్యత నాది' అని రాసి సంతకం చేసింది. ఆపైన టీచరమ్మ గారి మంచం పక్కన వంగి, స్టేషన్లో ఎవరూ విని ఉండని గొంతుతో అంది. "మీరు పోయారని రెండు రోజులుగా కాగితాలు రాశానమ్మా. అవన్నీ చింపాలి. నా మాట నిలబెట్టకండి."

"దొర తింటోందా?" అని అడిగారు ఆవిడ.

"గిన్నె నాకి మరీ తింటోంది."

"వెధవ," అన్నారు టీచరమ్మ గారు, కొంచెం నొచ్చుకుంటూ. "ఒకరోజైనా మానేస్తుందనుకున్నా."

తలుపులు మూసుకొన్నాయి. వాటి పైన ఎర్ర దీపం వెలిగింది. తమ్ముడు బల్ల మీద, నేను అతని పక్కన, ఇన్‌స్పెక్టరమ్మ ఎదుటి గోడకు ఆనుకొని, ఆ దీపాన్నే చూస్తూ ఉండిపోయాము. లోపల ఏమి జరగబోతున్నదో మాలో ఎవరికీ తెలియదు.

అయినా ఈ ఒక్క విషయం ఆ తలుపులు తెరుచుకొనేదాకా ఆగనక్కరలేదు. ఆ సంతకం చేయవలసిన వయస్సు, తీరిక, ఇరుగుపొరుగు సంబంధం నాకు ఉన్నాయి. కలం కూడా నాదే. సంతకం చేసినది మాత్రం, అదే గంటలో తన కేసు మొత్తం కూలిపోయిన అధికారి. నా వద్ద శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టరమ్మ చేసిన ఈ పనిని, నా వద్ద నేర్చుకొన్నది కాదని స్పష్టం చేస్తూ, సగౌరవంగా గుర్తించి ఇక్కడ నమోదు చేస్తున్నాను.